మెటల్ గేర్ సాలిడ్ సిరీస్‌ను మొదటి నుంచి చివరి దాకా ఆడటం ఎలా?

ఈ వీడియో గేమ్ సిరీస్‌లో నేను రెండుసార్లు దారి తప్పాను. మొదటిసారి అందరూ పొగుడుతున్నారని 2015లో వచ్చిన ‘ద ఫాంటమ్ పెయిన్’తో మొదలుపెట్టాను. చేతికి హాయిగా ఉంది కానీ తెరమీద ఎవరు ఎవరితో ఎందుకు పోట్లాడుతున్నారో అర్థం కాలేదు. కొన్నాళ్లకు వదిలేశాను. రెండోసారి తెలివిగా చేద్దామని కథ జరిగిన సంవత్సరాల ప్రకారం వరుస వేసుకుని, 1964 నాటి కథ నుంచి ఎక్కాను. అలా ఆడితే తర్వాతి ఆటల్లో ఆశ్చర్యపోవాల్సిన చోటల్లా ముందే తెలిసిన సంగతులే ఎదురయ్యాయి. మూడోసారి, ఆటలు విడుదలైన వరుసలోనే ఆడితే అన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి.

కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: విడుదలైన వరుసలోనే ఆడండి. కథ మధ్యలో అర్థం కాకపోతే టెన్షన్ పడకండి. చాలాచోట్ల మీకు ఇంకా తెలియకూడదనే అలా రాశారు.

1. ఏది ఎప్పుడు ఆడాలో తేల్చుకోండి

సిరీస్‌లో మొదటి ఆట ‘మెటల్ గేర్’ 1987లో ఎంఎస్‌ఎక్స్2 కంప్యూటర్ మీద వచ్చింది. కొనామి కంపెనీలో హిడియో కొజిమా తయారుచేశాడు. ఆ యంత్రం ఎక్కువమంది శత్రువులనూ తూటాలనూ ఒకేసారి చూపించలేకపోయేది. అందుకని పోరాటం తగ్గించి, దాక్కోవడాన్నే ఆటగా మలిచారు. దాని తర్వాతది 1990లో వచ్చింది. అసలు పేరు తెచ్చినది మాత్రం 1998లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’. మీరు మొదలుపెట్టాల్సింది దానితోనే.

దాని తర్వాత వరుస ఇది: సాలిడ్ 2 (2001), సాలిడ్ 3: స్నేక్ ఈటర్ (2004), సాలిడ్ 4 (2008), పీస్ వాకర్ (2010), గ్రౌండ్ జీరోస్ (2014), ద ఫాంటమ్ పెయిన్ (2015). మొదటి సాలిడ్‌తో కలిపి మొత్తం ఏడు. 2006లో పీఎస్‌పీ (చేతిలో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్) మీద వచ్చిన పోర్టబుల్ ఆప్స్ ఆడకపోయినా కథకు పెద్దగా లోటు ఉండదు.

ఎంఎస్‌ఎక్స్ ఆటలు రెండిటి సంగతేమిటంటే, వాటిని మూడో సాలిడ్ అయ్యాక ఆడితే బాగుంటుంది. అప్పటికి ఆ మనుషుల మీద ఆసక్తి ఏర్పడి ఉంటుంది కనుక పాతకాలపు బొమ్మలను ఓపిగ్గా భరిస్తారు. ఈలోగా మొదటి సాలిడ్ మెనూలోనే ‘ప్రీవియస్ ఆపరేషన్స్’ అని ఒకటి ఉంటుంది. ఆ రెండు ఆటల కథ క్లుప్తంగా అందులో రాసి ఉంటుంది. చదవడానికి పది నిమిషాలు చాలు. అది చదవకుండా ఆట మొదలుపెట్టకండి.

సంవత్సరాల వరుస ఎందుకు వద్దంటున్నానో ఒక్క ఉదాహరణ చెబుతాను. మూడో సాలిడ్ కథ మొదటి సాలిడ్ కంటే నలభై ఏళ్లు వెనక జరుగుతుంది. అందులో ఓసెలాట్ అనే కుర్ర ఆఫీసరు ఒకడు తగులుతాడు. మీకు కోపమొచ్చి అతన్ని కాల్చి చంపేశారనుకోండి, ‘టైమ్ పారడాక్స్’ అని అరిచి ఆట అక్కడికక్కడే ముగిసిపోతుంది. తర్వాతి కాలంలో అతను బతికి ఉండాలి మరి! మొదటి రెండు సాలిడ్‌లూ ఆడినవాళ్లకు ఇది నవ్వొచ్చే జోకు. ఆడనివాళ్లకు ఆట పాడైనట్టు అనిపిస్తుంది.

2. ఆటలను సమకూర్చుకోండి

ఇది ఇప్పుడు సులువే. 2023 అక్టోబరులో వచ్చిన ‘మాస్టర్ కలెక్షన్ వాల్యూమ్ 1’లో ఎంఎస్‌ఎక్స్ ఆటలు రెండూ, మొదటి మూడు సాలిడ్‌లూ ఉన్నాయి. పీసీ, పీఎస్5 (ప్లేస్టేషన్ 5), ఎక్స్‌బాక్స్, స్విచ్ దేనిమీదైనా ఆడొచ్చు. గ్రౌండ్ జీరోస్, ఫాంటమ్ పెయిన్ పీసీలో దొరుకుతాయి. పీస్ వాకర్ పీఎస్‌పీ కోసం తయారైంది, తర్వాత 2011లో పీఎస్3కీ ఎక్స్‌బాక్స్ 360కీ హెచ్‌డీ రూపంలో వచ్చింది. చిక్కంతా నాలుగోదానితోనే. అది పీఎస్3 కోసం తయారైన ఆట. మీ దగ్గరున్న యంత్రంలో అది ఆడటానికి వీలుందో లేదో మొదలుపెట్టేముందే చూసుకోండి. వీలు లేకపోతే దాని కట్‌సీన్లను (మధ్యమధ్యలో సినిమాలా నడిచే కథా దృశ్యాలను) వీడియోగా చూసేయండి. చూడకుండా దాటెయ్యడం కంటే అదే నయం.

2025 ఆగస్టులో మూడో ఆటకు ‘డెల్టా’ పేరుతో రీమేక్ వచ్చింది. మాటలూ కథా పాతవే, బొమ్మలు కొత్తవి, కంట్రోల్స్ కొత్త పద్ధతిలోనూ పాత పద్ధతిలోనూ పెట్టుకోవచ్చు. పాత మూడోది ఆడాలా, డెల్టా ఆడాలా అంటే, ఏదైనా ఒకటి ఆడితే చాలు. అయితే డెల్టా అందంగా ఉంది కదా అని దానితోనే సిరీస్ మొదలుపెట్టకండి.

3. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, వికీలు మూసేయండి

పేరు వెతికితే చాలు, మొదటి వాక్యంలోనే చివరి ఆట గుట్టు బయటపెట్టే వికీ పేజీలు బోలెడు. అనుమానం వస్తే రాసి పెట్టుకోండి, వెతకొద్దు. నా నోట్‌బుక్‌లో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ ఇచ్చాను: పేరు, ఏ సంవత్సరంలో కనిపించాడు, ఎవరి తరఫున పనిచేస్తున్నాడు. అంతే. ఓసెలాట్ పేజీలో ‘ఎవరి తరఫున’ అన్నచోట మొదట ఒకటి రాసి కొట్టేశాను. దాని కింద రాసినదీ కొట్టేశాను. మూడోసారి పెన్సిల్‌తో రాశాను.

రెండు విషయాలు మాత్రం ముందే తెలిస్తే మంచిది, వీటివల్ల ఏ గుట్టూ బయటపడదు. ఒకటి, ‘స్నేక్’ అనేది ఒక మనిషి పేరు కాదు, కోడ్ పేరు. ఎంఎస్‌ఎక్స్ ఆటలూ, సాలిడ్ 1, 2, 4 సాలిడ్ స్నేక్ కాలం నాటి కథలు. సాలిడ్ 3, పీస్ వాకర్, గ్రౌండ్ జీరోస్, ఫాంటమ్ పెయిన్ వాటికి ముందుతరం కథలు, బిగ్ బాస్ అని పేరు తెచ్చుకున్న సైనికుడి చుట్టూ తిరిగేవి. నేను మొదటిసారి తికమకపడింది సరిగ్గా ఇక్కడే, ఇద్దరినీ ఒకడే అనుకున్నాను. రెండోది, మెటల్ గేర్ అంటే అణుబాంబు ప్రయోగించగల నడిచే ట్యాంకు. దాన్ని ఎవరు కట్టారు, ఎవరు కట్టమన్నారు అనేదే ప్రతి ఆటలోనూ అడుగున ఉండే ప్రశ్న. క్షిపణుల గురించి పాత్రలు గంటలకొద్దీ మాట్లాడుతుంటే ఈ ప్రశ్న ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మిగతాది చెవిన పడితే పడింది, లేకపోతే లేదు.

4. మొదటి గంటలో దాక్కోవడం నేర్చుకోండి

మొదటి సాలిడ్‌లో మీరు అలాస్కా దగ్గరి షాడో మోసెస్ ద్వీపంలో నీళ్లలోంచి లేస్తారు. చేతిలో తుపాకీ కూడా ఉండదు. ఒక బైనాక్యులర్, సిగరెట్లు. అంతే. మామూలు షూటింగ్ ఆటలకు అలవాటు పడ్డవాళ్లకు ఇక్కడే చిరాకు మొదలవుతుంది.

లిఫ్టు ఎక్కి పైకొస్తే హెలిపోర్టు, మంచు కురుస్తుంటుంది. గార్డు అటు తిరిగాడు, మీరు గబగబా దాటి పెట్టెల వెనక్కి చేరారు. గెలిచామనుకుంటారు. గార్డు వెనక్కి వచ్చి, ఆగి, నేలవైపు చూస్తాడు. మంచులో మీ అడుగులు! తలమీద ప్రశ్నార్థకం మెరుస్తుంది. ఒక్కో అడుగునూ చూసుకుంటూ నేరుగా మీరున్న పెట్టె దగ్గరికే వస్తాడు. నాకు ఆట ఏమిటో అర్థమైంది అప్పుడే. గార్డు చూపొక్కటే తప్పించుకుంటే సరిపోదు, మీరు వదిలిన ఆనవాళ్ల సంగతి కూడా చూసుకోవాలి.

అందుకని ఆ హెలిపోర్టులోనే అరగంట ప్రాక్టీసు చేయండి. గోడకు ఆనుకుని తట్టండి, చప్పుడు విని గార్డు అటు వస్తాడు, మీరు ఇటు జారుకోవచ్చు. కావాలని ఒకసారి దొరికిపోండి కూడా. అలారం మోగాక అంకెలు సున్నాకు దిగేదాకా ఎక్కడ నక్కాలో తెలుసుకుంటే భయం పోతుంది. లారీ వెనక ఎక్కి చూస్తే సోకామ్ పిస్టల్ దొరుకుతుంది. నార్మల్‌లోనే ఆడండి. పై స్థాయికి పెంచితే మూలన ఉన్న రాడార్ పోతుంది, కొత్తవాళ్లకు అది కళ్లకు గంతలు కట్టినట్టే.

5. మొదటి సాలిడ్‌లో ఆగిపోయే చోట్లు

1998 నాటి ఆట కనుక మూడు చోట్ల మిమ్మల్ని సతాయిస్తుంది. మెరిల్ అనే పాత్ర రేడియో నంబరు సీడీ డబ్బా వెనక ఉందని ఆటలో చెబుతారు, అంటే నిజం డబ్బా వెనకే. మీ దగ్గర డబ్బా లేకపోతే ఇదిగో: 140.15. తర్వాత స్నైపర్ వుల్ఫ్ అనే శత్రువును ఎదుర్కోవాలంటే పీఎస్‌జీ1 తుపాకీ కావాలి, దానికోసం ఎంతో వెనకనున్న ఆయుధాల గదికి మళ్లీ నడవాలి. దారి తప్పామేమో అనుకోకండి, దారి అదే.

మూడోది చిత్రహింసల సీను. బటన్‌ను టకటకా నొక్కుతూ తట్టుకోవాలి. అక్కడ చనిపోతే కంటిన్యూ ఉండదు, చివరిసారి సేవ్ చేసిన చోటికి పోతారు. నేను రెండు గంటల ఆట అక్కడే పోగొట్టుకున్నాను. వుల్ఫ్‌తో పోరుకు ముందు సేవ్ చేయండి, మధ్యలో వీలు దొరికినప్పుడల్లా మళ్లీ చేయండి. ఆట ముగింపు ఎలా ఉంటుందన్నది మీరు ఆ సీనులో తట్టుకున్నారా, లొంగిపోయారా అన్నదాని మీదే ఆధారపడుతుంది.

సైకో మాంటిస్ అనే వాడితో పోరు గురించి ఒక్క మాటే చెబుతాను: దారి దొరక్కపోతే తెరవైపు కాదు, మీ చేతిలో ఉన్నదానివైపు చూడండి.

6. రెండో ఆటలో కోపం తెచ్చుకోకండి

మొదటి ఓడ భాగం అయ్యాక ఆట మీకు ఒక దెబ్బ కొడుతుంది. 2001లో చాలామంది కంట్రోలర్ విసిరేసినంత పని చేశారు. మీరు ఆపకండి. ఇది మొదటి ఆటను చూసినవాళ్లను ఆటపట్టించడానికే కట్టిన కథ. అక్కడి సీన్లు మొదటిదానిలోవి గుర్తుకు తెస్తుంటే అది కాకతాళీయం కాదు. చివరి రెండు గంటల సంభాషణలు మొదటిసారి ఎవరికీ పూర్తిగా అర్థం కావు. నాకూ కాలేదు.

ఆడేతీరులో రెండు జాగ్రత్తలు. మత్తుసూదుల ఎం9 పిస్టల్‌నే ఎక్కువగా వాడండి. గార్డులు అప్పుడప్పుడు రేడియోలో మాట్లాడుకుంటారు, పడిపోయినవాడు జవాబివ్వకపోతే చూడ్డానికి జట్టు వస్తుంది. కాబట్టి అందరినీ పడుకోబెట్టుకుంటూ పోవడం కంటే పక్కనుంచి జారిపోవడమే సుఖం.

7. మూడో ఆట, తొందరపడకుండా

సిరీస్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. రాడార్ ఉండదు, అడవి ఉంటుంది. తెర మూలన కనిపించే శాతం మీరు పరిసరాల్లో ఎంతగా కలిసిపోయారో చెబుతుంది. గడ్డిలో బోర్లా పడుకుని, ఆకుల రంగు దుస్తులు వేసుకుంటే అది 80 దాటుతుంది, గార్డు పక్కనుంచే నడిచిపోతాడు. నేలను బట్టి దుస్తులు మార్చడం మొదట విసుగనిపిస్తుంది, గంటలో అలవాటైపోతుంది. ఆకలేస్తే వేటాడి తినాలి, గాయమైతే మెనూలోకి వెళ్లి కట్టు కట్టుకోవాలి.

చంపడం తగ్గించండి. ఎంతమందిని చంపారో ఆట లెక్కపెట్టుకుంటుంది, ఆ లెక్క ఒక నదిలో మీకు అప్పజెబుతుంది. ది ఎండ్ అనే ముసలి స్నైపర్‌తో పోరు గంటసేపు సాగుతుంది. ఓపిక లేనివాళ్లకు దొడ్డిదారి ఒకటుంది: పోరు మధ్యలో సేవ్ చేసి వారం రోజులు ఆటవైపు చూడకండి. తిరిగొచ్చేసరికి ముసలాయన వయసు మీదపడి పోయుంటాడు. నేనైతే అడవంతా తిరిగి అతని అడుగుజాడలు పట్టుకునే గెలిచాను. మొదటి ఆటలో ఆ గార్డు నన్ను పట్టినట్టే.

8. మిగతా నాలుగూ

నాలుగో ఆటకు సాయంత్రాలు ఖాళీ చేసుకోండి. కట్‌సీన్లు సినిమా అంత పొడుగు, ముగింపు ఒక్కటే గంట దాటుతుంది. నిద్ర కళ్లతో మొదలుపెట్టకండి.

పీస్ వాకర్‌లో పేర్లు పడ్డాయి కదా అని ఆపేయొద్దు, అసలు ముగింపు ఆ తర్వాతే ఉంది. తప్పించుకుపోయే ఒక ఖైదీని మళ్లీ మళ్లీ పట్టుకురావాలి, విసుగే, కానీ తప్పదు. గ్రౌండ్ జీరోస్ కథ రెండు గంటల్లో అయిపోతుంది. దాన్ని పీస్ వాకర్ తర్వాతే ఆడితే చివరి సీను గుండెకు తగులుతుంది.

ఫాంటమ్ పెయిన్‌లో కథ చెప్పేది కట్‌సీన్లు కాదు, క్యాసెట్ టేపులు. దారిలో గుర్రం మీద వెళ్తూ వినండి. ఎప్పుడూ తలకే గురిపెడితే గార్డులు హెల్మెట్లు పెట్టుకోవడం మొదలుపెడతారు, ఎప్పుడూ రాత్రిళ్లే వస్తే నైట్ విజన్ కళ్లద్దాలు తెచ్చుకుంటారు. పద్ధతులు మారుస్తూ ఉండండి. రెండో అధ్యాయంలో పాత మిషన్లే కష్టం పెంచి మళ్లీ కనిపిస్తాయి. అవన్నీ ఆడక్కర్లేదు, పసుపు రంగులో కనిపించే సైడ్ ఆప్స్ (చిన్న పక్క మిషన్లు) చేస్తూ పోతే కథ కదులుతుంది.

2013లో వచ్చిన రైజింగ్ పూర్తిగా కత్తియుద్ధం, నాలుగోది అయ్యాక ఎప్పుడైనా సరదాగా ఆడుకోవచ్చు. 2018 నాటి సర్వైవ్‌ను మాత్రం ఈ జాబితాలో పెట్టుకోకండి. అది జాంబీల ఆట, ఈ కథకు దానితో పని లేదు.