చేపల సర్వేకి ఒకే కన్ను వల చాలదు

సరస్సులో చేపల లెక్క కోసం గిల్ నెట్ వేస్తున్నారా? అయితే ఒకే సైజు కన్ను, అంటే దారాల మధ్య ఖాళీ, ఉన్న వలను మాత్రం నమ్ముకోకండి. ఈ వల పట్టే తీరు చూస్తే సంగతి అర్థమవుతుంది. చేప తల కంట్లోంచి దూరుతుంది, ఒళ్లు దూరదు. వెనక్కి వద్దామంటే దారం మొప్ప కింద బిగుస్తుంది. సన్నవి దాటిపోతాయి, మరీ పెద్దవాటి తలే పట్టదు. కాబట్టి ఒకే కన్ను వల చెప్పేది ఆ కంటికి ఏ చేప సరిపోయిందో అంతే, సరస్సులో ఏమేం ఉన్నాయో కాదు.

అందుకే సర్వేలకు వాడే నార్డిక్ రకం వలలో 5 నుంచి 55 మిల్లీమీటర్ల దాకా 12 సైజుల కళ్లు ఉంటాయి. పొడవు 30 మీటర్లు, ఎత్తు మీటరున్నర. ఆ సైజులు ముడి నుంచి ముడికి కొలిచినవి. కొందరు కన్నును సాగదీసి కొలుస్తారు, అప్పుడు అంకె దాదాపు రెట్టింపు వస్తుంది. వల తెప్పించుకునే ముందు ఏ కొలతో తప్పకుండా అడగండి. ఇక్కడ పొరపడితే పాత సర్వేతో పోలికే కుదరదు.

సాయంత్రం వేసి తెల్లవారాక తీయండి, వేసిన టైము, తీసిన టైము, లోతు రాసుకోండి. ఏ కంట్లో ఏ చేప పడిందో విడివిడిగా రాయాలి. ఖాళీగా వచ్చిన వలనూ రాయాలి, అదీ లెక్కలోదే. చేపలు పడే చోటే వలలన్నీ వేయాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. సరస్సును లోతుల వారీగా విడదీసి, వల వేసే చోటును చీటీ తీసి ఎంచుకోండి.

ఇంకోటి, ఇందులో పడ్డ చేపలు చాలావరకు బతకవు. అవసరానికి మించి ఒక్క వల కూడా వేయొద్దు.