వేలంలో పాత మంగలి కత్తి కొంటున్నారా? అంచు చూశారా?

పోయిన ఆదివారం మా ఫ్లాట్స్‌లో ఉండే కుర్రాడి బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి. ఆన్‌లైన్ వేలంలో కొన్న, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేసిన కత్తిని సాన పడుతుంటే కొన దగ్గర అంచు పుటుక్కున విరిగింది. విరిగిన చోట సగం దాకా నల్లటి తుప్పు. అంటే పగులు ఆ రోజుది కాదు, ఎప్పటి నుంచో ఉంది. అమ్మినవాళ్లు పెట్టిన ఫోటోలు చూపించాడు. మొత్తం ఆరు. డబ్బా, ముద్ర, పిడి మీద చెక్కుడు, ఎర్ర మఖమల్ మీద పడుకోబెట్టిన కత్తి. అంచుది ఒక్కటీ లేదు.

నేను చూసినంతలో ఈ కత్తులతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది చేసిన తప్పు ఇదే. అంచును దగ్గర నుంచి తీసిన ఫోటో లేకుండా బిడ్ వేయకండి.

మచ్చలు రుద్దితే పోతాయి. పిడి పగిలితే కొత్తది వేయించుకోవచ్చు. అంచులో పగులు మాత్రం వెంట్రుకలా మొదలై వెన్ను వైపు, అంటే అంచుకు ఎదురుగా ఉండే మందపాటి వైపు, పాకుతుంది. అది పోయేదాకా ఉక్కును అరగదీయడం ఒక్కటే దారి. మామూలు 5/8 అంగుళం కత్తి వెడల్పు 16 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులో రెండు పోతే వెన్నుకూ అంచుకూ ఉన్న కోణమే మారిపోతుంది. ఇక అది గడ్డానికి మునుపటిలా పనిచేయదు.

అమ్మేవాళ్లను మూడు రకాల ఫోటోలు అడగండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టి, మొదలు నుంచి కొన దాకా అంచు, రెండు వైపులా. తర్వాత వెన్ను: ఒక పక్కే బల్లపరుపుగా అరిగి ఉంటే ఎవరో ఇష్టమొచ్చినట్టు సాన పట్టారని అర్థం. మూడోది, కత్తి మూసి పైనుంచి తీసినది. కత్తి పిడి మధ్యలోకి రాకుండా ఒక పక్కకు ఆనుకుంటుంటే మూసేటప్పుడు అంచు దెబ్బతింటుంది.

సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడి ఉన్నవాటితో ఇంకో ప్రమాదం. మంచి సెల్యులాయిడ్‌ను రుద్దితే కర్పూరం వాసన వస్తుంది, ఎందుకంటే దాన్ని కర్పూరం కలిపే చేస్తారు. కుళ్లడం మొదలైతే ఘాటుగా, పుల్లగా ముక్కుకు కొడుతుంది. ఆ ఆవిరిలో ఆమ్లం ఉంటుంది. అలాంటి ఒక్క కత్తిని పెట్టెలో పెడితే పక్కనున్న మంచి కత్తులకూ తుప్పు పట్టిస్తుంది. ఫోటోలో వాసన రాదు కాబట్టి మూసినప్పుడు పిడి కప్పే చోట మాత్రమే తుప్పు ఉందేమో చూడండి. అలా ఉంటే వదిలేయండి.

‘1820 నాటిది’ అని రాసి, ఉక్కు మీద ‘జర్మనీ’ ముద్ర ఉంటే నమ్మకండి. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాకే ఆ ముద్రలు మామూలయ్యాయి.

ఏనుగు దంతం పిడి జోలికి పోవద్దు. మన దేశంలో అది వన్యప్రాణి చట్టం కింద నేరం, ‘పాతదే కదా’ అంటే వినరు.

అద్దంలా మెరిసేదాన్ని చూసి మురిసిపోకండి. మెషీన్ మీద పాలిష్ చేసేటప్పుడు వేడెక్కితే ఉక్కు పదును నిలుపుకోదు. ముద్ర అక్షరాలు అరిగిపోయాయంటే బాగా రుద్దేశారని అర్థం.

‘షేవ్‌కి రెడీ’ అన్న మాటకు పైసా ఎక్కువ ఇవ్వొద్దు.

షిప్పింగ్, కస్టమ్స్, సాన ఖర్చు కలిపి మీ హద్దు ముందే రాసుకోండి. చివరి నిమిషంలో టెన్షన్ పడి పెంచొద్దు.

అంచు ఫోటో అడిగితే ‘బాగానే ఉంది’ అని మాట మాత్రం చెప్పేవాళ్ల దగ్గర కొనొద్దు. కంపెనీ పేరు ఎంత గొప్పదైనా సరే, కొనొద్దు.

పార్సిల్ వచ్చిన రోజే 10 రెట్లు పెద్దగా చూపే లూప్‌తో (చిన్న భూతద్దంతో) అంచంతా చూడండి. అప్పటిదాకా రాయి మీద పెట్టొద్దు, తోలు పట్టీ మీద కూడా వద్దు. పగులు కనిపిస్తే గడువు దాటకముందే ఫోటో తీసి, వాపసు అడగండి.