జంతువుల లెక్క రాయాలంటే ఎలా మొదలుపెట్టాలి

అరుదైనది కనబడినప్పుడే రాద్దాం అనుకునేవాళ్లు తొందరగా మానేస్తారు, పైగా వాళ్లు రాసినదాన్ని బట్టి జనాభా పెరిగిందో తగ్గిందో చెప్పడం కష్టం. రోజూ కనబడే కాకులు, ఉడతలే అసలు లెక్క.

ముందు ఒక దారి ఎంచుకోండి. వారానికోసారి అదే దారిలో, దాదాపు అదే టైమ్‌కి నడవండి. ఎంతసేపు, ఎంత దూరం నడిచారో తప్పకుండా రాయండి, ఎందుకంటే పది నిమిషాల్లో కనబడిన ఐదు పిచ్చుకలూ రెండు గంటల్లో కనబడిన ఐదు పిచ్చుకలూ ఒకటి కాదు. ఏమీ కనబడకపోతే అదీ రాయాలి, చాలామంది వదిలేసేది ఇదే.

పక్షులకైతే, చూసినవాటి జాబితా రాసుకునే ఈబర్డ్ యాప్ చాలు. 2002 నుంచి నడుస్తోంది. గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని చివర్లో అడుగుతుంది, నిజంగా అన్నీ రాస్తేనే అవునని నొక్కండి. అప్పుడే జాబితాలో లేని పక్షి మీకు కనబడలేదని పరిశోధకులు లెక్కేసుకోగలరు. మిగతా జీవాలకు, ఫొటో పెట్టి నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్. ఫొటో మసగ్గా ఉన్నా ఫర్వాలేదు, పేరు మాత్రం ఊహించి పెట్టకండి, తెలిసినంతవరకు పెడితే మిగతాది వేరేవాళ్లు చూసుకుంటారు. పాదముద్ర అయితే పక్కన స్కేలో పెన్నో పెట్టి తీయండి.

మనుషులకూ జంతువులకూ మధ్య జరిగేవి రాయడంలోనే అసలు చిక్కు. "కోతి దాడి చేసింది" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి: "సాయంత్రం 5:40. పెద్ద కోతి ఒకటి. పిల్లాడి చేతిలో బిస్కెట్ ప్యాకెట్. దగ్గరికొచ్చి లాక్కుంది, కరవలేదు, గీరలేదు. పక్కనే మూత లేని చెత్తకుండీ." నన్నడిగితే ఇందులో పనికొచ్చేది ఆ చెత్తకుండీయే, కోతిని పట్టుకెళ్లాలా, కుండీకి మూత పెట్టాలా అన్నది అలాంటి వివరాలు పోగుపడితేనే తేలుతుంది. జంతువు ఏం చేసిందో రాసినట్టే మనిషి ఏం చేశాడో కూడా రాయండి: తిండి పెట్టాడా, రాయి విసిరాడా, సెల్ఫీ కోసం దగ్గరికెళ్లాడా.

గూళ్లు, వేటగాళ్ల కన్నుపడే జంతువులు ఎక్కడున్నాయో అందరికీ కనబడేలా పెట్టకండి. ముప్పులో ఉన్న చాలా జాతుల లొకేషన్‌ని ఐనాచురలిస్ట్ తనంతట తానే మసకబరుస్తుంది, మిగతావాటికి ఆ సెట్టింగ్ మీరే మార్చుకోవచ్చు. అదే ఫొటోని లొకేషన్‌తో సహా వాట్సాప్ గ్రూపులో పడేస్తే ఇదంతా దండగే.

రోడ్డు మీద చచ్చిపడిన జంతువునీ రాయండి, కానీ ఫొటో కోసం ట్రాఫిక్ మధ్యలోకి వెళ్లొద్దు. గాయపడి బతికున్నదైతే ముందు అటవీశాఖకో రెస్క్యూ వాళ్లకో ఫోన్ చేయండి, యాప్ సంగతి తర్వాత.