చలికాలపు ఆకాశానికి కెమెరా కొనేముందు

వానలు వెనకబట్టాక కార్తీకం నుంచి మాఘం దాకా మన ప్రాంతంలో నీహారికల (అంతరిక్షంలోని వాయువు, ధూళి మబ్బుల) ఫొటోలకు మంచి కాలం. సాయంత్రానికే దేవయాని గెలాక్సీ ఉత్తరాన బాగా ఎత్తుకు వస్తుంది. దాని వెనకే పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు, ఆ తర్వాత ఓరియన్ నీహారిక. ఈ కాలం కోసమని తొందరపడి కెమెరా కొన్నవాళ్లే ఎక్కువగా డబ్బు పోగొట్టుకుంటారు. దుకాణంలో గొప్పగా చెప్పే సంగతుల్లో చాలావాటికి చీకట్లో విలువ లేదు. ఆటోఫోకస్ ఎంత చురుకైనదైనా మసక నక్షత్రం ముందు తడబడుతుంది. సెకనుకు పది ఫొటోలు, 4కే వీడియో ఇక్కడ ఎవరికీ అక్కరలేదు.

అడగాల్సినవి మూడే. సెన్సర్ పట్టినదంతా కుదించకుండా దాచే రా ఫైలు ఇవ్వాలి, ఎందుకంటే పదుల కొద్దీ ఫ్రేములను కంప్యూటర్లో పేర్చి మసక వెలుగును బయటికి లాగాలంటే జేపెగ్‌లో ఆ వివరం మిగలదు. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, బొమ్మను పది రెట్లు పెంచి చూడగలగాలి; మెరిసే నక్షత్రాన్ని చుక్కగా కుదించి చేత్తో ఫోకస్ చేసేది అక్కడే. కెనాన్ చవక వరుసలో ఇది 450డి నుంచి ఉంది, 400డి, 350డిలలో లేదు. మూడోది, బల్బ్ మోడ్‌లో రిమోట్‌తో షటర్‌ను నిమిషాల పాటు తెరిచి ఉంచే వీలు. కొత్త మోడలే మేలనుకునేవారు ఇక్కడ దెబ్బతింటారు. నికాన్ డి3400లో తీగ రిమోట్ పెట్టే రంధ్రాన్ని తీసేశారు, డి3500లో ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ కూడా లేదు. వాటికంటే పాతదైన డి5300లో రెండూ ఉన్నాయి, నిర్ణీత వ్యవధికోసారి తానే ఫొటో తీసే ఇంటర్వెల్ టైమరూ ఉంది. మన పనికి అదే మెరుగు.

కెమెరా పెట్టెకే డబ్బంతా పోయవద్దు. భూమి తిరగడం వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది. మామూలు ట్రైపాడ్ మీద ఏపీఎస్-సీ కెమెరాకు (చవక మోడళ్లలో ఉండే సెన్సర్ కొలత ఇది) 50 మిల్లీమీటర్ల లెన్సు పెడితే ఆరు సెకన్లకు, 135 లెన్సుతో రెండు సెకన్లకు నక్షత్రాలు గీతలుగా సాగుతాయి. ఆకాశంతో పాటు తిరిగే చిన్న ట్రాకర్ ఉంటే అదే లెన్సుతో రెండు నిమిషాలు తీయవచ్చు. అందుకే మొత్తం బడ్జెట్‌లో సగం ట్రాకర్‌కు పక్కన పెట్టి, మిగిలిన దానిలోనే కెమెరా, లెన్సు చూసుకోమంటాను. ఈ మాట వినేవారు తక్కువ.

అలా చూస్తే వాడిన డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) తప్పదు. పెళ్లి ఫొటోగ్రాఫర్లు అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారుతుండటంతో పాత కెమెరాలు బజారులోకి వస్తున్నాయి. షటర్ లెక్క (ఇప్పటిదాకా తీసిన ఫొటోల సంఖ్య) చూసి మరీ బెదరనక్కర్లేదు. చవక మోడళ్లకు లక్ష క్లిక్కులు అంటారు, మనం మాత్రం రాత్రికి రెండు వందల ఫ్రేములు తీస్తే గొప్ప. రిమోట్ రంధ్రం, యూఎస్‌బీ రంధ్రం, లెన్సు బిగించే రింగు వదులుగా లేవని చూడటం అంతకంటే ముఖ్యం. కోస్తా ఊళ్లలో వాడిన లెన్సయితే ఫోన్ టార్చ్‌ను వెనక నుంచి వేసి బూజు తీగలున్నాయేమో వెతకాలి.

అసలు పరీక్ష వేరే ఉంది. లెన్సు మూత పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 1600 మీద మూడు నిమిషాల ఫ్రేము తీయండి. అంతకు ముందే మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి, లేకుంటే కెమెరా తన లోపాన్ని తానే చెరిపేసుకుని చూపిస్తుంది. అక్కడక్కడా రంగు చుక్కలు సహజం, తర్వాత ఇలాగే మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేములను కంప్యూటర్లో తీసివేస్తే పోతాయి. నిలువు గీతలు కనిపించినా, ఒక మూల ఊదా వెలుగు కమ్ముకున్నా మరొకటి చూసుకోండి. వేడి దుకాణమే ఈ పరీక్షకు మంచిది. సెన్సర్ ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు పెరిగినప్పుడల్లా చీకట్లో సెన్సర్ తానే పుట్టించే ఈ దొంగ వెలుగు రెట్టింపవుతుంది కనుక, జనవరిలో 12 డిగ్రీల రాత్రితో పోలిస్తే మేలో 30 డిగ్రీల రాత్రి దాదాపు ఎనిమిది రెట్లు. చల్లబరిచే ఏర్పాటు లేని కెమెరా మన దగ్గర చలికాలపు పనిముట్టే.

ఎర్ర నీహారికల ఫొటోలు చూసి మోజుపడి, సెన్సర్ ముందున్న ఫిల్టర్ తీయించిన కెమెరా కోసం పరిగెత్తవద్దు. హైడ్రోజన్ వెలుగు 656 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, ఫ్యాక్టరీ ఫిల్టర్ దానిలో పావు వంతుకు మించి లోపలికి రానివ్వదు. రోజెట్, కాలిఫోర్నియా నీహారికలకు అది నిజమైన అడ్డంకే. కృత్తికలకు, దేవయానికి మాత్రం కాదు, ఎందుకంటే అక్కడున్నది ప్రధానంగా నక్షత్రాల వెలుగే. ఓరియన్ నీహారిక ఎలాగూ ప్రకాశవంతమైనది. తొలి కాలం వీటితోనే గడిచిపోతుంది. వీడియోలు చూసి ఇంట్లో స్క్రూలు విప్పే సాహసం అసలు వద్దు: ఫ్లాష్ కెపాసిటర్‌లో బ్యాటరీ తీసినా 300 వోల్టుల చుట్టుపక్కల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

చవకలో ‘టెలిస్కోపు కెమెరా’ అని అమ్మే గొట్టాలతోనూ జాగ్రత్త. గ్రహాలకు అవి బాగుంటాయి. కానీ ఐదు మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్‌తో, 400 మిల్లీమీటర్ల టెలిస్కోపు మీద దేవయాని నడిబొడ్డు తప్ప ఏమీ పట్టదు. అదే చోట డీఎస్ఎల్ఆర్ మూడు డిగ్రీల ఆకాశాన్ని చూపిస్తుంది.

ఎక్కడ తీస్తారన్నదీ కొనేముందే ఆలోచించండి. ఒకప్పుడు నిజామియా పరిశీలనాలయం అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం హైదరాబాద్ నుంచే గాజు పలకల మీద ఆకాశాన్ని తీసింది. ఇప్పుడు ఆ నగరం నుంచి ఏ కెమెరాతోనూ మసక నీహారిక సులువుగా రాదు. తెల్లటి ఎల్‌ఈడీ దీపాల వెలుగును, నగర కాంతిని ఆపడానికని లెన్సుకు పెట్టే ఫిల్టర్లు కూడా పూర్తిగా ఆపలేవు. ఫిల్టర్ డబ్బును చీకటి ఊరికి వెళ్లే పెట్రోలుకు ఖర్చు పెట్టడం నయం. తొలి రాత్రికి దీపావళి అమావాస్యను మాత్రం ఎంచుకోవద్దు, పొగలో ఏమీ మిగలదు.

పొలాల్లో చలికాలం మంచు లెన్సు మీద గంటలోనే పేరుకుంటుంది కనుక పవర్ బ్యాంకుతో నడిచే వేడి పట్టీ ఒకటి, చలికి త్వరగా దిగిపోయే బ్యాటరీకి తోడుగా మరో రెండు ఉంచుకోండి. బూట్లు, ఎర్ర టార్చ్ తప్పనిసరి. నల్లమలలో ఆగి తీద్దామనుకుంటే కుదరదు. అది పులుల అభయారణ్యం, శ్రీశైలం వెళ్లే అడవి దారిని చెక్‌పోస్టుల దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. అడవి బయట తెలిసినవాళ్ల పొలం ముందే అడిగి పెట్టుకోండి.