మోడల్ కారులో లోపం: ఎప్పుడు కనిపించిందో చూసి కారణం పట్టుకోవడం

ప్లాస్టిక్ కిట్‌తో కారు నిర్మించేవారైనా, తయారైన డైకాస్ట్ (కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన) కార్లు సేకరించేవారైనా, లోపం కంటబడగానే ముందుగా వేసుకోవలసిన ప్రశ్న అది ఎప్పుడు బయటపడిందన్నది. రంగు వేసిన నిమిషాల్లోనే కనిపిస్తే కారణం ఉపరితలంలోనో, గాలిలోని తేమలోనో, స్ప్రే పట్టుకున్న చేతిలోనో ఉంటుంది. కొన్ని గంటలకో కొన్ని రోజులకో కనిపిస్తే కింది పొర ఆరకపోవడమో, ఒక రసాయనం మరొకదాన్ని కదిలించడమో, భాగాలు సరిగా అతకకపోవడమో జరిగి ఉంటుంది. ఏళ్ల తర్వాత అద్దాల బీరువాలో కనిపించేదానికి మూలం చాలావరకు తయారుచేసిన పదార్థంలోనే ఉంటుంది. కారణం ఏ పొరలో ఉందో తేలకముందే పై పొరను సరిచేయబోతే అదే తప్పు రెండోసారి జరుగుతుంది. నేను ఆ పని ఒకటికి నాలుగుసార్లు చేసినవాణ్ణే.

రంగు వేసిన కాసేపటికే కనిపించేవి

రంగు కొన్నిచోట్ల పరుచుకోకుండా గుండ్రంగా పక్కకు తొలగిపోయి, మధ్యలో ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే పూత) చుక్కల్లా బయటపడితే దాన్ని ఫిష్ ఐ అంటారు. తామరాకు మీద నీరు అంటనట్టే నూనె లేదా సిలికాన్ ఉన్న ఉపరితలం మీద రంగు అంటదు. అచ్చులోంచి భాగం సులభంగా ఊడిరావడానికి వాడే జిడ్డు పదార్థం, వేలిముద్రలు, అదే గదిలో ఎవరో కొట్టిన ఫర్నిచర్ పాలిష్ స్ప్రే, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మీద ఇంకో పూత వేస్తే ఆ గుంటలు పూడవు, అంచులు మాత్రం మరింత ఎత్తవుతాయి. రంగును పూర్తిగా ఆరనిచ్చి, గుంటల అంచులు సమమయ్యేదాకా వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే ఉప్పుకాగితంతో) రుద్ది, గిన్నెలు తోమే ద్రవం కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, తడి ఆరిన తర్వాతే మళ్లీ మొదలుపెట్టాలి. భాగాలను స్ప్రూ చట్రం (అచ్చులో భాగాలతో పాటే వచ్చే ప్లాస్టిక్ కాడల చట్రం) నుంచి కోయకముందే ఒకసారి ఇలా కడిగి, ఆ తర్వాత చేతొడుగులతోనే పట్టుకుంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

ఉపరితలం నారింజ తొక్కలా గరుకుగా తేలడం రెండో సాధారణ లోపం. రంగు తుంపరలు బాడీ మీద పడి ఒకదానిలో ఒకటి కలిసిపోయేలోపే ఆరిపోవడం దీనికి కారణం. స్ప్రే డబ్బాను మరీ దూరంగా పట్టుకోవడం, డబ్బా చల్లగా ఉండటం, గాలి ఒత్తిడితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్‌లో పోసిన రంగు చిక్కగా ఉండటం దీనికి దారితీస్తాయి. నిజమైన కార్ల మీదా ఈ గరుకు కొంత ఉంటుంది కదా అని సరిపెట్టుకోవడానికి కొలత ఒప్పుకోదు: 1:24 స్కేల్‌లో, అంటే అసలు కారులో ఇరవైనాలుగో వంతు పరిమాణంలో, మిల్లీమీటరులో పదో వంతు ఎగుడుదిగుడు అసలు కారు మీద 2.4 మి.మీ. ఎగుడుదిగుడుతో సమానం. పూత పూర్తిగా గట్టిపడ్డాక 2000 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు చల్లుతూ రుద్ది, తర్వాత అంతకంటే నునుపైన కాగితంతోనూ చివరికి పాలిషింగ్ కాంపౌండ్‌తోనూ మెరుగు పెట్టాలి. బాడీ అంచులు, తలుపు గీతల చుట్టూ రంగు పలచగా నిలుస్తుంది కనుక అక్కడ కాగితం ఆనకుండా చూసుకోవాలి. ఇకముందు డబ్బాను 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి, వాడబోయే ముందు గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచాలి. పొయ్యి మీద గానీ మరిగే నీటిలో గానీ డబ్బాను వేడిచేస్తే అది పేలుతుంది.

మెరవవలసిన లాకర్ రంగు (బలమైన ద్రావకంతో చేసి, వేగంగా ఆరేది) పాలు కలిపినట్టు తెల్లబారితే తప్పు గాలిలోని తేమది. లాకర్‌ను పలచబరిచే థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీద సన్నని మంచులా చేరి అందులోనే చిక్కుకుంటుంది. పొడిగా ఉన్న రోజు చూసుకుని, నెమ్మదిగా ఆరే రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను పలచని తుంపరగా కొడితే రంగు కొద్దిగా మెత్తబడి తేమను వదిలేస్తుంది; చాలాసార్లు ఈ మాత్రంతోనే మెరుపు తిరిగివస్తుంది. రంగు కారి చారలు కట్టడానికి మాత్రం పెద్ద చికిత్స అవసరం లేదు: తడిగా ఉన్నప్పుడు తాకకుండా వదిలేసి, ఆరాక రుద్దేస్తే చాలు.

ఈ వర్గంలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ప్లాస్టిక్ మీదే సాలెగూడులా సన్నని పగుళ్లు తేలడం. కిట్లు ఎక్కువగా పాలీస్టైరిన్‌తో తయారవుతాయి. నిజమైన కార్లకు వాడే లాకర్‌లోని తీవ్రమైన ద్రావకాలు ప్రైమర్ లేని పాలీస్టైరిన్‌ను కొరికేస్తాయి. పగులు రంగులో కాకుండా ప్లాస్టిక్‌లో ఉంది కనుక రంగు తీసేసినా అది అలాగే ఉంటుంది. ఆ భాగాన్ని నునుపు చేసి, ప్రైమర్‌ను పలచని తుంపరలుగా, ఒక్కొక్కటి ఆరనిస్తూ కట్టుకోవాలి. కొత్త రంగును ప్లాస్టిక్ చెంచా మీద పరీక్షించమని చాలామంది చెబుతారు. ఛాయ తెలుసుకోవడానికి చెంచా పనికొస్తుంది. ద్రావకం తీవ్రత తెలుసుకోవడానికి మాత్రం నేను దాన్ని నమ్మను, ఎందుకంటే చెంచా ప్లాస్టిక్, కిట్ ప్లాస్టిక్ ఒకటే కావాలని లేదు. అదే కిట్‌లో మిగిలిన స్ప్రూ ముక్కో, బాడీ లోపలి వైపో సరైన పరీక్షా స్థలం. గది కిటికీలు తెరిచి ఉంచడం, ద్రావకాల ఆవిరిని ఆపే మాస్కు ధరించడం ఈ రంగులన్నిటికీ వర్తిస్తాయి.

గంటలో, రోజులో గడిచాక బయటపడేవి

ఎర్రని ప్లాస్టిక్ బాడీకి తెల్లరంగు వేస్తే రెండు రోజుల్లో అది గులాబీ రంగుకు తిరగవచ్చు. ప్లాస్టిక్‌లో కలిపిన ఎర్రని వర్ణకం పై పూతలోని ద్రావకంలో కరిగి పైకి పాకడం వల్ల ఇలా జరుగుతుంది. మొదటిసారి ఇది ఎదురైనప్పుడు తెలుపు చాలలేదనుకుని నాలుగు పూతలు వేశాను. నాలుగోదీ గులాబీ రంగుకే వచ్చింది, పైగా తలుపు గీతలు పూడిపోయాయి. ప్రతి కొత్త పూతా కొత్త ద్రావకాన్ని తెచ్చి వర్ణకాన్ని మళ్లీ కరిగిస్తుంది గనుక ఎన్ని పూతలు వేసినా ఫలితం అదే. వర్ణకం దాటలేని అడ్డుపొర వేయాలి. అల్యూమినియం రేకుల పొడి ఉండే వెండిరంగు ఈ పనికి బాగా ఉపయోగపడుతుంది. దాని మీద ప్రైమర్, ఆ పైన తెలుపు వేసుకోవచ్చు.

పై పూత ముడతలు పడినా, మొసలి చర్మంలా పగిలినా పొరల వరుస తప్పిందని అర్థం. లాకర్ ద్రావకం బలమైనది, ఎనామిల్ నెమ్మదిగా గట్టిపడేది. బాగా ఆరిన లాకర్ మీద ఎనామిల్ వేయవచ్చు గానీ ఎనామిల్ మీద లాకర్ వేస్తే కింది పొర ఉబ్బి లేస్తుంది. ఒకే రకం రంగులతో కూడా కింది పూత లోపల మెత్తగా ఉండగానే పై పూత వేస్తే పగుళ్లు వస్తాయి. ఆరిందో లేదో వేలితో తాకి తెలుసుకోవడం కంటే ముక్కు దగ్గర పెట్టుకుని చూడటం నయం: ద్రావకం వాసన వస్తున్నంతకాలం అది ఇంకా బయటికి పోతూనే ఉందన్నమాట. ముడతపడిన పూతకు అతుకులు వేయడం కుదరదు, రంగంతా తీసేయాలి. యాక్రిలిక్ రంగులు చాలావరకు గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెడితే ఊడివస్తాయి. మిగతా రకాలకు ఏది వాడినా ముందు స్ప్రూ ముక్క మీద ప్రయత్నించాలి. ఆల్కహాల్ వెంటనే అంటుకునే గుణమున్నది కనుక నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు.

లప్పం పెట్టి నునుపు చేసిన అతుకు, రంగు వేసిన వారానికి మళ్లీ గీతలా కనిపిస్తే లప్పం ఆరుతూ కుంచించుకుపోయిందని గ్రహించాలి. ఒకేసారి మందంగా పెట్టకుండా పలుచగా రెండు మూడుసార్లు పెట్టి, ప్రతిసారీ ఒక రాత్రి ఆరనివ్వడం తప్ప దీనికి అడ్డదారి లేదు.

అద్దాలు అతికించిన మర్నాటికి వాటి మీద తెల్లని పొగ పేరుకుంటే అది సూపర్ గ్లూ చేసిన పని. ఆ జిగురు ఆవిరి గాలిలోని తేమతో కలిసి గట్టిపడి పారదర్శకమైన భాగాల మీద తెల్లగా దిగుతుంది. పొర పలుచగా ఉంటే పాలిషింగ్ కాంపౌండ్‌తో పోతుంది, లేదా అద్దాన్ని పారదర్శకమైన యాక్రిలిక్ ద్రవంలో ముంచి తీస్తే మరుగున పడుతుంది. అద్దాలకు ఆరాక పారదర్శకంగా మారే తెల్లని పీవీఏ జిగురే వాడాలి.

క్రోమ్ బంపర్ ఎంత జిగురు పెట్టినా ఊడిపోతుంటే జిగురును నిందించనవసరం లేదు. ప్లాస్టిక్ జిగురు పాలీస్టైరిన్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటిగా కలుపుతుంది. క్రోమ్‌లా కనిపించేది శూన్యంలో పూసిన అతి పలుచని అల్యూమినియం పొర, దాన్ని ఆ జిగురు కరిగించలేదు. అతికే చోట మాత్రం కత్తి మొనతో గీకి, అడుగునున్న ప్లాస్టిక్ తేలాక అతికించాలి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట మిగిలే గీత తొలగించడానికి క్రోమ్ మొత్తం తీసేయాలనుకుంటే బట్టలు తెల్లబరిచే బ్లీచ్ ద్రవంలో నానబెడితే సరిపోతుంది. ఆ ద్రవాన్ని అమ్మోనియాతో గానీ ఆమ్లాలతో గానీ ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే సన్నని బొమ్మల స్టిక్కర్) చుట్టూ, లోపలా వెండిలా మెరిసే మచ్చలు రావడానికి కారణం దాని కింద చిక్కుకున్న గాలి. మెరుపులేని మ్యాట్ రంగు పైకి నునుపుగా కనిపించినా దగ్గరగా చూస్తే గుట్టలూ పల్లాలూ ఉంటాయి. డెకాల్ ఫిల్మ్ గుట్టల మీద ఆనుతుంది, పల్లాల్లో గాలి మిగులుతుంది. అందుకే తుది రూపం మ్యాట్ అయినా ముందు గ్లాసీ క్లియర్ (మెరిసే రంగులేని పూత) వేసి, దాని మీద డెకాల్ పెట్టి, చివర్లో మ్యాట్ క్లియర్ కొట్టాలి. ఇప్పటికే మచ్చలు పడి ఉంటే సన్నని సూది మొనతో అక్కడక్కడ గుచ్చి, డెకాల్‌ను మెత్తబరిచే సెట్టింగ్ ద్రవం రాయాలి. ఆ ద్రవం పడగానే డెకాల్ ముడుచుకుని భయపెడుతుంది, కానీ తాకకుండా వదిలేస్తే చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. పాత కిట్‌లోని డెకాల్ నీళ్లలో వేయగానే ముక్కలవుతుంటే మిగిలిన షీటు మీద పలుచగా క్లియర్ కొట్టి ఆరాక, ప్రతి బొమ్మనూ విడిగా కత్తిరించుకుని వాడాలి. పసుపుబారిన షీటును ఎండ తగిలే కిటికీ అద్దానికి కొన్ని రోజులు అంటించి ఉంచితే తెలుపు చాలావరకు తిరిగివస్తుంది.

ఏళ్ల తర్వాత బీరువాలో కనిపించేవి

పాత కిట్ పెట్టె తెరిస్తే టైరు ఆనిన చోట అద్దం మీదో, బాడీ మీదో టైరు గుర్తు కరిగినట్టు దిగబడి ఉండటం సేకరణకర్తలకు తెలిసిన విషాదం. మెత్తని వినైల్ టైర్లను మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ కాలక్రమంలో బయటికి పాకి, తనకు తగిలిన పాలీస్టైరిన్‌ను మెత్తబరుస్తుంది. నిర్మించిన కారులో ఇది చక్రం రిమ్ మీద జరుగుతుంది గనుక టైరు ఊడదీస్తే తప్ప కనిపించదు. కరిగిన చోటును పుట్టీతో పూడ్చి రుద్దడం తప్ప మార్గం లేదు. నివారణ మాత్రం తేలిక: విప్పని కిట్లలో టైర్లను వేరే సంచిలో పెట్టాలి, నిర్మించేటప్పుడు రిమ్‌కు పలుచని లోహపు రేకు చుట్టి టైరు తొడగాలి, కారును ప్లాస్టిక్ పలక మీద కాకుండా గాజు పలక మీద నిలబెట్టాలి.

డైకాస్ట్ కారులో రంగు మీద పగులు కనిపిస్తే వెంటనే తిరగేసి, రంగు లేని లోపలి వైపు చూడాలి. కింద లోహం గట్టిగా, నునుపుగా ఉంటే లోపం రంగుదే: తేమ వల్లనో, ప్యాకింగ్ ఫోమ్ ఏళ్ల తరబడి ఆనుకుని ఉండటం వల్లనో పొక్కులు లేచి ఉంటాయి. పగులు లోహంలోకీ సాగి, బాడీ వంకరపోయి, మూల పట్టుకుంటే బిస్కెట్టులా రాలుతుంటే అది జింక్ పెస్ట్. ఈ కార్లను పోతపోసే జమాక్ మిశ్రమలోహానికి ఆ పేరు జింక్, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి లోహాల జర్మన్ పేర్ల నుంచి వచ్చింది; 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ దీన్ని రూపొందించింది. ఇందులో సీసం 0.005 శాతాన్ని మించకూడదు. అంతకుమించి సీసమో, తగరమో, కాడ్మియమో కలిస్తే లోహపు రేణువుల మధ్య సరిహద్దుల వెంట తుప్పు నడుస్తుంది, ఆ తుప్పు ఎక్కువ చోటు ఆక్రమించి లోహాన్ని లోపలి నుంచి ఉబ్బిస్తుంది. 1930ల నాటి డింకీ టాయ్స్ అనే బొమ్మ కార్లలో దీని దెబ్బ తిన్నవి చాలా కనిపిస్తాయి. ఒక కారు నుంచి పక్క కారుకు ఇది అంటుకుంటుందన్న భయం నిరాధారం; కలిసి పాడైన రెండు కార్లు ఒకే కల్తీ లోహంతో పోసినవై ఉంటాయి. వచ్చిన పెస్ట్‌కు మందు లేదు. వేడి, తేమ దాన్ని వేగవంతం చేస్తాయి కనుక చల్లని పొడి చోట పెట్టి, మోడల్‌ను తరచూ చేతిలోకి తీసుకోకుండా ఉంటే మిగిలినది మరికొంతకాలం నిలుస్తుంది.

ఇదే పొరల లెక్క 1968లో మొదలైన హాట్ వీల్స్ తొలి కార్లకూ వర్తిస్తుంది. వాటికి మెరుగుపెట్టిన లోహం మీద నేరుగా పారదర్శకమైన స్పెక్ట్రాఫ్లేమ్ రంగు వేశారు, అందువల్ల కింద లోహం నల్లబడితే పైనుంచి రంగే మురికిపట్టినట్టు కనిపిస్తుంది. పాలిష్ ఎంత పెట్టినా అది ఆ నలుపును చేరదు, పైనున్న అసలు రంగు మాత్రం అరిగిపోతుంది. సేకరణలో అసలు రంగుకే విలువ ఎక్కువ కాబట్టి ఇటువంటి కారును మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, నేరుగా ఎండ పడని చోట పెట్టి వదిలేయడమే సరైన పని.