అటక మీది మామిడికాయ కత్తి దించే ముందు

ఎండలు ముదిరి ఆవకాయ రోజులొచ్చాయంటే మా ఇంట్లో అటక మీది గోనెసంచి కిందికి దిగుతుంది. అందులో ఉండేది అమ్మమ్మ నాటి మామిడికాయ కత్తి. బరువైన చెక్క పీట, ఒక చివర బోల్టుతో బిగించిన ఇనుప కత్తి, రెండో చివర పిడి. దానికి ఏడాదిలో నాలుగు రోజులే పని. వేళ్లు తెగేది కూడా ఆ నాలుగు రోజుల్లోనే.

అందరూ ముందు పదును చూస్తారు. నేను బోల్టు చూస్తాను. పిడి పట్టుకుని కత్తిని పక్కలకు ఊపి చూడండి. అటూ ఇటూ ఆడుతోందంటే, గట్టి టెంక తగలగానే కత్తి పక్కకు జారుతుంది. కాయ పట్టుకున్న చెయ్యి ఉండేది సరిగ్గా అక్కడే. నట్టు బిగించినా ఆట పోకపోతే బోల్టు అరిగిందన్నమాట. అదే లావుది కొత్తది వేయించండి. నట్టు మీద ఇంకో నట్టు బిగిస్తే పని మధ్యలో వదులవదు. అలాగని మరీ బిగించేస్తే కత్తి లేవదు. అక్కడ గ్రీజు, సైకిలు నూనె వద్దు, ముక్కలకు అంటుతాయి. రెండు చుక్కల నువ్వుల నూనె చాలు.

పిడి చీలితే తీగ చుట్టి నెట్టుకురావద్దు, వడ్రంగి చేత మార్పించండి. పీట నేల మీద ఊగకూడదు, పురుగు పట్టి ఉండకూడదు.

తుప్పును శాండ్‌పేపర్‌తో రుద్ది, కడిగి, తుడిచి, ఎండలో పెట్టండి. చెమ్మ మిగిలితే కొత్తావకాయకు బూజు ఖాయం. సాన పట్టించేటప్పుడు పక్కనే నిలబడండి. కత్తి అంచు నీలం తేలేంతగా వేడెక్కితే ఉక్కు మెత్తబడి త్వరగా మొద్దుబారుతుంది. మధ్యమధ్యలో నీళ్లలో ముంచమని చెప్పాలి.

కాయల తొడిమలు ముందురోజే తీసి నీళ్లలో వేయండి. మామిడిదీ జీడిమామిడిదీ ఒకే కుటుంబం, ఆ సొన తగిలితే కొందరికి చర్మం పొక్కుతుంది. తర్వాత కాయల్ని పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తడికాయ చేతిలోంచి జారుతుంది కూడా.

కాయను పొడవునా పెట్టి, కత్తి దాని మీద ఆనించి కొంచెం దిగనివ్వండి. దిగాక కాయ మీది చెయ్యి తీసేసి, రెండు చేతులతో పిడి నొక్కండి. ఒకరు కోస్తుంటే ఇంకొకరు జీడి తీయడం మన అలవాటు. నా లెక్కలో అసలు ప్రమాదం అదే, కబుర్లలో పడి కత్తి కింద చెయ్యి పెడతారు. ముక్కల్ని కోసేవారే పక్కకు నెట్టాలి. వంద కాయలుంటే మొండికెయ్యకుండా బజారులో కొట్టించుకోండి. పొడిగుడ్డ మాత్రం మీదే తీసుకెళ్లండి.

తెగితే కాఫీ పొడి, పసుపు అద్దకండి. నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టండి. లోతుగా తెగినా, వేలు కదలకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్ని అడగండి.

ఆవాలు, మెంతులు తిరగలిలో విసిరే సరదా ఉంటే ఒక్కమాట. కొత్తగా కక్కు కొట్టించిన, అంటే ఉలితో గాట్లు పెట్టించిన రాయిలో రెండు మూడుసార్లు బియ్యం విసిరి పారబోయండి, లేకపోతే పచ్చడిలో రాతిపొడి తగులుతుంది. పైరాయి ఇద్దరు పట్టి ఎత్తండి.

పనయ్యాక కత్తికి నూనె రాసి, పిడిని పీటకు తాడుతో కట్టేయండి. కిందటేడు కట్టలేదు. అటక మీంచి దించుతుంటే సంచిలోనే కత్తి తెరుచుకుంది.