గర్భిణి కొలెస్ట్రాల్ రిపోర్టు ఎలా చదవాలి? బిడ్డకు పరీక్ష ఎప్పుడు చేయించాలి?

ఏడో నెలలో టోటల్ కొలెస్ట్రాల్ 260 వచ్చిందని ఇంట్లో నెయ్యి డబ్బా అటకెక్కించకండి. ల్యాబ్ కాగితం మీద ఉండే ‘200 లోపు’ హద్దు గర్భిణుల కోసం వేసింది కాదు. కడుపుతో ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ పావు వంతు నుంచి సగం దాకా, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) రెండు మూడు రెట్లు పెరగడం మామూలే. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను మాయ తయారు చేసుకునేది తల్లి రక్తంలోని ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్)తోనే మరి.

ముందు పాత రిపోర్టు వెతకండి. బిడ్డ విషయంలో ఎక్కువ పనికొచ్చేది గర్భానికి ముందటి అంకె. ఆఫీసు హెల్త్ చెకప్ కాగితం ఉన్నా చాలు. అందులో ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బేమోనని అనుమానించాలి. అలాంటి కాగితమేదీ లేకపోతే కాన్పయిన మూడు నెలలకు పరీక్ష చేయించుకోండి. అంతకు తొందరపడితే గర్భం తాలూకు అంకెలే ఇంకా కనిపించవచ్చు.

చేతిలో ఉన్న రిపోర్టును లెక్క కట్టి చూడండి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్)నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తాయి. ఉదాహరణకు టోటల్ 270, హెచ్‌డీఎల్ 65, ట్రైగ్లిజరైడ్లు 250 అయితే 270 – 65 – 50 = 155. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క తప్పుతుంది, గర్భిణుల రిపోర్టుల్లో తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే. అప్పుడు ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్’ అడగండి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. 1000 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంది. పై కడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.

రెండు వైపులా చుట్టాలను ఆరా తీయండి. మగవాళ్లలో 55 ఏళ్లకు ముందు, ఆడవాళ్లలో 65కు ముందు గుండెపోటు వచ్చినవాళ్లున్నారా? ఎవరికైనా మడమ వెనక, వేళ్ల కణుపుల మీద పసుపు రంగు గడ్డలున్నాయా? తల్లిదండ్రుల్లో ఒకరికి వంశపారంపర్య జబ్బుంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మేనరికంలో ఇద్దరికీ ఉండే వీలు ఎక్కువ. అప్పుడు నలుగురిలో ఒకరికి రెండు లోపాలూ కలిసి, చిన్నతనంలోనే గుండె జబ్బు వచ్చే పరిస్థితి ఏర్పడుతుంది. మన ఇళ్లలో ఈ ప్రశ్న మొహమాటపడకుండా అడగాల్సిందే.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు. బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నారంటే ముందే చెప్పండి. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలల ముందు ఆపిస్తారు. తెలియక వేసుకున్నా బెంబేలెత్తకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో వీటి మీద అతి కఠినమైన హెచ్చరికను తీసేయమంది, అయినా ఎక్కువ మంది గర్భిణులు ఆపేయాలనే చెప్పింది. స్టాటిన్ వాడుతూ పాలివ్వకూడదు.

తిండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో గర్భిణికి నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 30 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాల పైచిలుకు. నెలకు దాదాపు లీటరు. ఆ నూనెను విడిగా ఒక సీసాలో పోసి పెట్టుకుంటే ఖర్చు కళ్లకు కనిపిస్తుంది. ‘నెయ్యి తాగితే కాన్పు సులువు’ అనే మాటకు ఆధారం లేదు. సాయంత్రం ఇరానీ చాయ్‌తో పఫ్, మరిగిన నూనెలోనే మళ్లీ వేయించిన మిర్చి బజ్జీ మానేయండి. గుడ్డు మానక్కర్లేదు.

తల్లి కొలెస్ట్రాల్ బిడ్డ రక్తనాళాల మీద ముద్ర వేయగలదని ఇటలీ, అమెరికా పరిశోధకులు 1999లో చూపారు. గర్భంలో ఉండగా తల్లికి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న పిల్లల్లో, తమ సొంత కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నా, నాళాల్లో కొవ్వు చారలు వేగంగా పెరిగాయి. అంచేత బిడ్డ రిపోర్టు బాగుందని చిప్స్ ప్యాకెట్లకు తలుపులు తెరవకండి.

బిడ్డకు పరీక్ష. బొడ్డుతాడు రక్తంతో తేలదు, పుట్టిన బిడ్డ టోటల్ ఎలాగూ 70 ప్రాంతంలోనే ఉంటుంది. పైన చెప్పిన కుటుంబ చరిత్ర ఉంటే రెండేళ్లు నిండాక, లేకపోతే 9–11 ఏళ్ల మధ్య చేయించండి. ఈడొచ్చే వయసులో అంకెలు కొంత దిగి మోసం చేస్తాయి, అందుకే ఆ లోపే. జ్వరంలో వద్దు, తగ్గాక మూడు వారాలు ఆగండి. హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానాలో నమూనా ఇస్తే ఖర్చుండదు. టోటల్ 170 లోపు, ఎల్‌డీఎల్ 110 లోపు ఉంటే సరే. ఎల్‌డీఎల్ 130 గానీ అంతకు మించి గానీ వస్తే రెండు వారాల తర్వాత, మూడు నెలల లోపు మళ్లీ చేయించి, రెండింటి సగటు పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి. రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం పాలలో వెన్న తీయకండి.